లంకకు వెళ్తున్నారా? రావణుణ్ణి కాసేపు పక్కన పెట్టండి

వేసవి సెలవులు దగ్గరపడగానే అమెరికాలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ తిరగడం మొదలవుతుంది. శ్రీలంక రామాయణ యాత్ర, ఐదు రాత్రులు ఆరు పగళ్లు, శాకాహార భోజనం, తెలుగు మాట్లాడే గైడు. ఎలాగూ ఇండియా వెళ్తున్నాం, చెన్నై నుంచి గంటన్నర కూడా పట్టదు, అమ్మానాన్నలనో అత్తమామలనో ఓ యాత్రకు తీసుకెళ్లినట్టూ ఉంటుంది. ఆలోచన బాగానే ఉంది. నా పేచీ అంతా ఆ పీడీఎఫ్‌తోనే.

అందులో ఏముంటాయో మీకూ తెలుసు. నువరెలియ దగ్గర సీతమ్మ గుడి ఉన్న సీత ఎలియ, ఎల్ల ఊరి పక్కన రావణ జలపాతం, సీతమ్మ అగ్నిప్రవేశం చేసిందని చెప్పే దివురుంపొల, రంబొడలో హనుమంతుడి గుడి, తిరుకోణమలైలో కోణేశ్వరం, చివరి రోజు కొలంబోలో షాపింగ్. పాత రాజధాని అనురాధపురం పేరు చాలా ప్యాకేజీల్లో కనిపించదు. ఆ తర్వాతి రాజధాని పొలన్నరువ ఉంటే 'సమయం అనుమతిస్తే' అని ఉంటుంది. తిరుపతి దాకా వెళ్లి అలిపిరిలో ఫొటో దిగి వెనక్కి వచ్చేయడం లాంటిదే ఇది.

సీత ఎలియకు వెళ్లొద్దని నేననడం లేదు. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం మొదలయ్యేదే లంకలోని శాంకరీదేవితో. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసేసిన పెద్దవాళ్లకు ఆ మొదటిది మిగిలిపోయిందన్న బాధ ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ దేవి కోసం కోణేశ్వరానికి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ గుడి కథ తెలుసు? సముద్రం మీదికి పొడుచుకొచ్చిన ఆ కొండ మీది పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్లు కూల్చేశారు. ఆ రాళ్లనే కోట కట్టడానికి వాడుకున్నారు. మనం ఇప్పుడు చూసేది 20వ శతాబ్దంలో ఊరివాళ్లు మళ్లీ నిలబెట్టుకున్న గుడి. గుడికి వెళ్లే దారి ఆ కోటలోంచే. సీత ఎలియలో దీపం పెడుతూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల తమిళులు. 19వ శతాబ్దంలో బ్రిటిషువాళ్లు వాళ్ల పూర్వీకుల్ని కూలిపనికి ఓడల్లో తెచ్చారు. స్వాతంత్ర్యం రాగానే ఆ దేశం వాళ్లలో లక్షలాదిమందికి పౌరసత్వం లేకుండా చేసింది. మన బస్సు ఆ తోటల మధ్య నుంచే వెళ్తుంది. గైడు మాత్రం మైకులో పుష్పక విమానం ఎక్కడ దిగిందో చెబుతూ ఉంటాడు.

ఇంకో సంగతి. మన దగ్గర దసరాకు తగలబెట్టేసే రావణుడు అక్కడ చాలామంది సింహళీయులకు గొప్ప రాజు. 2019లో శ్రీలంక అంతరిక్షంలోకి పంపిన తన మొదటి ఉపగ్రహానికి పెట్టిన పేరు 'రావణ-1'. కాబట్టి బస్సులో అంత్యాక్షరి మధ్య పది తలల మీద జోకులు వేసేటప్పుడు డ్రైవరు ఎవరో కాస్త చూసుకోండి. ఆయనకు తెలుగు రాకపోవచ్చు, 'రావణ' అన్న మాట మాత్రం వినబడుతుంది.

ఇక అనురాధపురం సంగతి. క్రీస్తుకు ముందు నుంచి పదో శతాబ్దం చివర చోళులు వచ్చి తగలబెట్టే దాకా, దాదాపు 1300 ఏళ్లు అది రాజధాని. అశోకుడి కొడుకు మహిందుడు పక్కనే ఉన్న మిహింతలె కొండ మీద రాజు దేవానంపియ తిస్సను కలిశాడని, కూతురు సంఘమిత్త బోధగయ నుంచి బోధివృక్షపు కొమ్మను తెచ్చిందని, దాన్ని రాజు ఇక్కడ నాటాడని లంక పాత చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. ఆ చెట్టు ఇంకా ఉంది. బోధగయలోని అసలు చెట్టు పోయి, దాని తర్వాత నాటినవీ పోయాయి. ఇక్కడి చెట్టు మాత్రం 2,200 ఏళ్లకు పైగా, ఒక్క తరం కూడా కాపలా మానకుండా బతుకుతోంది. మనిషి చేత్తో నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసినవాటిలో ఇంత వయసున్నది మరొకటి లేదంటారు. అక్కడికి కొంచెం దూరంలో జేతవన స్తూపం. 3వ శతాబ్దం చివర మహాసేనుడు మొదలుపెట్టినది. కట్టినప్పుడు ఎత్తు సుమారు 122 మీటర్లు. ప్రాచీన ప్రపంచంలో గిజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత అంత ఎత్తయిన కట్టడం ఇదే, అదీ రాతితో కాదు, ఇటుకతో. ఈ రెండింటికీ ఒక పూట కేటాయించని ప్యాకేజీకి 'ఆధ్యాత్మిక యాత్ర' అన్న పేరు ఎలా పెడతారో నాకు అర్థం కాదు.

మనకు ఈ దేశంతో చుట్టరికం కావాలంటే ఊహించుకోనక్కర్లేదు, శాసనాల్లోనే ఉంది. నాగార్జునకొండ లోయలో, ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న చోట, 3వ శతాబ్దంలో ఒక సింహళ విహారం ఉండేది. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో దాని ప్రస్తావన ఉంది. తంబపన్ని, అంటే లంక, థేరవాద ఆచార్యుల కోసం ఆమె చేసిన దానాల పట్టీ అది. పల్నాడులో ఒక గృహిణి లంక భిక్షువుల కోసం కట్టించిన రోజుల్లోనే, కాస్త అటూ ఇటూగా, అక్కడ జేతవనానికి ఇటుకలు కాలుతున్నాయి. అమరావతి శిల్పుల చేతి పని పోలికలు లంకలో దొరికిన పాత సున్నపురాతి శిల్పాల్లో కనిపిస్తాయి. అమరావతి, నాగార్జునకొండ ఒక్కసారైనా చూడని మన పిల్లల్ని నేరుగా రావణ జలపాతానికి తీసుకెళ్తున్నాం. నన్నడిగితే ఈ యాత్ర మొదలుపెట్టాల్సింది చెన్నై విమానాశ్రయంలో కాదు, సాగర్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియంలో.

రెండో చుట్టరికం క్యాండీలో. 1739లో అక్కడి రాజు నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, మధుర నుంచి వచ్చిన ఆయన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. ఆయనతో మొదలుపెట్టి 1815 దాకా నలుగురు రాజులూ ఆ నాయక్కర్ వంశంవాళ్లే. మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. వీళ్లలో రెండోవాడు కీర్తిశ్రీ రాజసింహుడి కథ నాకు చాలా ఇష్టం. శైవుడు, ఒంటికి విభూది రాసుకునేవాడు. అది నచ్చని సామంతులు, కొందరు భిక్షువులు కలిసి 1760లో ఆయన్ను చంపడానికి కుట్ర పన్నారు. అంతకు ఏడేళ్ల ముందు, 1753లో, లంకలో భిక్షు దీక్ష ఇచ్చే పరంపర తెగిపోయి ఉంటే సియాం దేశం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి థేరుణ్ణి రప్పించి దాన్ని మళ్లీ నిలబెట్టింది ఇదే రాజు. ఈ రోజుకీ ఆ దేశంలో పెద్ద భిక్షుసంఘం పేరు సియాం నికాయ. దంబుల్ల గుహల్లో మనం తల పైకెత్తి చూసే రంగుల బొమ్మల్లో చాలావరకు ఆయన హయాంలో వేయించినవే.

అయితే 'మన తెలుగు రాజులు లంకను ఏలారు' అని అక్కడ ఛాతీ విరుచుకునే ముందు చివరివాడి కథ కూడా తెలుసుకుని వెళ్లండి. శ్రీ విక్రమ రాజసింహుడు. క్యాండీ చెరువు తవ్వించినవాడు, బుద్ధుడి దంతం ఉంచిన దంతమందిరం ముందున్న అష్టకోణపు మంటపం కట్టించినవాడు. తన మంత్రి ఎహెలెపొల తిరగబడ్డాడన్న కోపంతో 1814లో అతని భార్యాబిడ్డల్ని చంపించిన తీరు సింహళ పిల్లలు ఈనాటికీ కథగా వింటారు. చిన్నకొడుకు వెనకాడిన అన్నను పక్కకు జరిపి తను మెడ చాచాడని చెప్పుకుంటారు. మరుసటి ఏడాది బ్రిటిషువాళ్లు రాజును పట్టుకుని, తర్వాత వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే పోయాడు. ఈ కథ తెలియకుండా గైడు దగ్గర మన గొప్పలు చెబితే ఆయన మర్యాదగా నవ్వి ఊరుకుంటాడు, అంతే.

ఇక సర్దుకోవాల్సిన సామాను. మందులు, అడాప్టర్, పులిహోర పొడి అందరూ పెట్టుకుంటారు. పొందూరు ఖద్దరు లాంటి తెల్లబట్టలు రెండు జతలు పెట్టుకోండి, విహారాలకు అక్కడివాళ్లు తెల్లబట్టల్లోనే వస్తారు. భుజాలు, మోకాళ్లు కనపడకూడదు. చెప్పులే కాదు, టోపీ కూడా తీసేయాలి. అనురాధపురంలో మిట్టమధ్యాహ్నం రాతిపరుపు మీద అరికాళ్లు కాలిపోతాయి కాబట్టి పాత సాక్స్ జత ఉంటే పెద్దవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అదే ప్రయాణంలో జాఫ్నా దాకా వెళ్తే నల్లూరు కందస్వామి గుడిలో మగవాళ్లు చొక్కా విప్పాలి. ఒకచోట కప్పుకోవాలి, ఇంకోచోట విప్పాలి. ఏది ఎక్కడో పిల్లలకు ముందే చెప్పి ఉంచితే గుమ్మం దగ్గర గొడవ ఉండదు.

బుద్ధుడికి వీపు చూపించి సెల్ఫీ తీసుకోవద్దు. ఇది చిన్న విషయం అనుకోకండి. బుద్ధుడి విగ్రహాన్ని ముద్దు పెట్టుకున్నట్టు ఫొటోలు దిగిన ఫ్రాన్స్ పర్యాటకులకు 2012లో అక్కడి కోర్టు శిక్ష వేసి, అమలును వాయిదా వేసింది. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు. అది తప్పని 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టే తేల్చి ఆమెకు పరిహారం ఇప్పించిందనుకోండి. అయినా సెలవుల్లో కోర్టు మెట్లెక్కాలని ఎవరికుంటుంది? మన పిల్లల టీషర్టుల మీద, బ్యాగుల మీద ధ్యానబుద్ధుడి బొమ్మలు ఉంటాయి, చూసుకుని ఇంట్లోనే వదిలేయండి. నిజానికి వినాయకుడి బొమ్మ చెప్పుల మీద అచ్చు వేశారని ఆన్‌లైన్ దుకాణాల మీద పిటిషన్లు పెట్టే మనకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తేదీలు ఖాయం చేసేటప్పుడు పౌర్ణమి ఎప్పుడో చూడండి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవే, పోయ అంటారు. మందు, మాంసం అమ్మరు. సాయంత్రం సిట్టింగ్ ప్లాన్ చేసుకున్న బాబాయిలు నిరాశపడతారు గానీ, నా దృష్టిలో పోయ రోజున విహారం చూడటం కన్నా మంచి ముహూర్తం లేదు. జూన్‌లో పొసోన్ పౌర్ణమి మహిందుడు వచ్చిన రోజు, అనురాధపురం, మిహింతలె లక్షల జనంతో కిటకిటలాడతాయి. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆ ఒక్క రోజు తప్పించుకోండి, గది కూడా దొరకదు. జులై, ఆగస్టుల్లో క్యాండీ పెరహర, అంటే ఊరేగింపు ఉత్సవం. శాకాహారులకు ఒక హెచ్చరిక: కొబ్బరి సంబోల్‌లోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ ఎండుచేప పొడి వేస్తారు. 'వెజిటేరియన్' అంటే సరిపోదు, ఉంబలకడ వేయొద్దని పేరు పెట్టి చెప్పాలి. ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి సర్కారువారి సైటులోనే తీసుకోండి, రూల్స్ తరచూ మారుతుంటాయి. సిగిరియ లాంటి చోట్ల ఇండియా లాంటి సార్క్ దేశాల పాస్‌పోర్టుకు టికెట్టు తక్కువ. అమ్మానాన్నలకు తగ్గింపు, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న మనకు పూర్తి. ఓసీఐ కార్డు చూపించి వాదించి లాభం లేదు.

యుద్ధం గురించి కూడా తెలిసి ఉండాలి. ప్రభుత్వ సేనలకూ ఎల్టీటీఈకీ మధ్య 1983 నుంచి 2009 మే వరకు సాగింది. అనురాధపురం బోధివృక్షం దగ్గర భక్తుల మీద 1985లో కాల్పులు జరిగాయి, క్యాండీ దంతమందిరం ముందు 1998లో బాంబు పేలింది. అంతకు ముందే, 1981లో, జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టారు. చివరి నెలల్లో ఉత్తరాన వేలమంది తమిళ పౌరులు చనిపోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరి ఇంట్లో ఎవరు పోయారో మనకు తెలియదు. చూపులకు మనల్ని తమిళులనే అనుకుంటారు. కొందరు మనసు విప్పుతారు, కొందరు ముభావంగా ఉంటారు. అడిగితే వినండి. 'మీరంతా కలిసి ఉండొచ్చు కదా' అనే సలహా మాత్రం వద్దు.

అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమలో తెలుగు మాట్లాడే అహికుంటక కుటుంబాలు ఉన్నాయి. పాములాడించి, జోస్యం చెప్పి బతికిన సంచారజాతి, ఇప్పుడు ఊళ్లలో స్థిరపడ్డారు. ఈమధ్య ఆ ఊరిని కూడా ప్యాకేజీలో కలపాలని మనవాళ్లు ఉత్సాహపడుతున్నారు. నాకది నచ్చలేదు. నలభై మంది బస్సు దిగి 'ఏదీ, తెలుగులో మాట్లాడండి' అని ఫోన్లు ఎత్తి పట్టుకుంటే వాళ్లకెలా ఉంటుంది? వాళ్లకు తెలిసినవాళ్ల ద్వారా ముందే అడిగి, ఇద్దరు ముగ్గురు వెళ్తే అది వేరే సంగతి.

ఇవన్నీ తెలుసుకోవడానికి పుస్తకాల కోసం వెతుక్కోనక్కర్లేదు. అమెరికాలో మనం ఉండే చాలా పెద్ద నగరాల్లో శ్రీలంకవాళ్ల విహారం ఒకటి ఉంటుంది. వాషింగ్టన్‌లోనిదైతే 1960ల నాటిది. టొరాంటోలో స్కార్‌బరో వైపు జాఫ్నా తమిళులు మన పక్కింట్లోనే ఉంటారు. ఉగాదికి, సంక్రాంతికి హాలు బుక్ చేసే మన కార్యవర్గం వెసాక్ (బుద్ధపౌర్ణమి) రోజున ఒక్కసారి యాత్రికులందరినీ విహారానికి తీసుకెళ్లవచ్చు. ఆ వారంలోనే ఒక తమిళ కుటుంబాన్ని భోజనానికి పిలిచి వాళ్ల ఊరి గురించి అడగవచ్చు. ఏజెంటుకు అడ్వాన్సు కట్టే తేదీకి ముందే ఈ రెండు పనులూ పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఏది ఉంచాలో, ఏది కొట్టేసి అనురాధపురానికి రెండు రోజులు ఇవ్వాలో అప్పుడు కూర్చుని తేల్చుకోవచ్చు.