కొత్త తెర కోసం పాత మాటలు చెరుపుతారా?

ఫోన్‌లో సరిగ్గా కనిపించడం లేదన్న ఒక్క సాకుతో పాత బులెటిన్ బోర్డులను, అంటే జనం ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఆన్‌లైన్ చర్చా వేదికలను, ఒకటొకటిగా మూసేస్తున్నారు. దాన్ని మూసేయడం అని ఎవరూ అనరు. ఆధునికీకరణ అంటారు. కొత్త యాప్ వస్తుంది, రంగులు మారతాయి, నోటిఫికేషన్లు మోగుతాయి. పదిహేను, ఇరవై ఏళ్లుగా జనం రాసుకున్న చర్చలు మాత్రం కొత్త ఇంట్లోకి రావు. జవాబు వెతుక్కుంటూ పాత లింకు నొక్కిన మనిషికి ‘పేజీ దొరకలేదు’ అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. దీన్ని ఆధునికీకరణ అనడానికి మేము ఒప్పుకోం.

పాత బోర్డులను ఫోన్‌లో వాడటం కష్టమన్న మాట నిజమే. వరుసకు 80 అక్షరాలు, తెరకు 24 వరుసల లెక్కన కట్టిన బోర్డు అరచేతిలోకి వచ్చేసరికి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. కంట్రోల్, ఎస్కేప్ మీటలతో నడిచే మెనూలు ఉంటాయి, ఫోన్ కీబోర్డులో ఆ మీటలే ఉండవు. పాత సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాలు ఉన్నాయి. జీతం లేకుండా నడిపే అడ్మిన్‌లకు తీరికా తక్కువే, డబ్బూ తక్కువే. ఇవన్నీ బోర్డును బాగుచేయడానికి కారణాలు. చెరిపేయడానికి కావు.

వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ షికాగోలో మంచు తుపాను రోజుల్లో తలపెట్టి, 1978 ఫిబ్రవరిలో తెరిచిన, కంప్యూటర్‌తో ఫోన్ చేసి చేరే తొలి బులెటిన్ బోర్డుకు ఉన్నది ఒకటే ఫోన్ లైను. ఒకరు ఫోన్ పెట్టేస్తే గానీ ఇంకొకరికి దారి లేదు. అయినా జనం డయల్ చేస్తూనే ఉన్నారు. ముందు వచ్చినవాళ్లు రాసింది తర్వాత వచ్చినవాళ్లకు అక్కడే దొరికేది. బోర్డు అంటేనే అది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లు నేర్పిన ఆ ఒక్క పద్ధతినీ ఇవాళ సౌకర్యం పేరుతో తీసిపారేస్తున్నారు.

ఇది కొత్త అలవాటేమీ కాదు. సినిమాల వివరాలు ఇచ్చే సైటు ఐఎండీబీ తన సందేశాల బోర్డులను 2017 ఫిబ్రవరిలో మూసేసింది, మూడు వారాల గడువైనా ఇవ్వలేదు. అదే ఏడాది, జనం ఫొటోలు దాచుకునే సైటు ఫొటోబకెట్, వాటిని ఇతర సైట్లలో చూపాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టాలంది. వేల బోర్డుల్లో ఫొటోలున్న చోట ఖాళీ పెట్టెలు మిగిలాయి. పాత సందేశాలన్నీ తీసేస్తామని 2019లో చెప్పిన చర్చా బృందాల సేవ యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరుకల్లా పూర్తిగా మూతపడింది. కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే: జనం రాసుకున్నది, దాచుకున్నది అందకుండా పోయింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. ఆ వరుసలోకి ఇంకో బోర్డును నెట్టే ప్రతి అడ్మిన్, తర్వాత వచ్చే అడ్మిన్‌కు దారి చూపిస్తున్నట్టే.

పోయేవి ఉబుసుపోక మాటలని తేల్చేయకండి. తయారీ ఆగిపోయిన యంత్రాన్ని ఎలా విప్పాలో, అరుదైన జబ్బున్న బిడ్డకు నిద్ర ఎలా పట్టించారో ఓపిగ్గా రాసిపెట్టిన మనుషులున్నారు. అది ఇంకెక్కడా దొరకదు. తమ పోస్టులు తీసేయమని అడిగేవాళ్లకు ఆ హక్కు ఉంది, ఆ మాట వేరు. అడగనివాళ్ల మాటలను చెరిపే హక్కు ఎవరిచ్చారు?

చేయలేని పని కూడా కాదు. పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ అనే పాత బోర్డు సాఫ్ట్‌వేర్‌ల డేటాబేసులను కొత్త వేదికలోకి తెచ్చే స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) డిస్కోర్స్ అనే కొత్త చర్చా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. పాత థ్రెడ్ (చర్చ) నంబరుకు కొత్త చిరునామా కలిపి, పాత లింకు నొక్కినవాళ్లను అక్కడికి పంపే రీడైరెక్ట్ పెడితే లింకు బతుకుతుంది. అన్ని భాషల లిపులకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌కు ముందటి అక్షరాలను మార్చేటప్పుడు జాగ్రత్త కావాలి, తొందరపడితే పేజీలకు పేజీలు ప్రశ్నార్థకాలవుతాయి. ఇది కొన్ని వారాల విసుగు పుట్టించే పని, అంతే. తైవాన్‌లో 1995లో మొదలైన పీటీటీ అనే బోర్డు ఇప్పటికీ టెక్స్ట్ బోర్డుగానే నడుస్తోంది. ఫోన్‌లో చదివేవాళ్ల కోసం దానిమీద యాప్‌లు వచ్చాయి. బోర్డును కూల్చకుండానే తెర మారింది.

ఇంత సులువైన దారి ఉండగా అందరినీ చాట్ యాప్‌లోకి తోలడం ఎందుకు? అక్కడ నిన్నటి మాట ఇవాళ్టికి కిందకు జారిపోతుంది. మూసిన గదుల్లో జరిగే సంభాషణ సెర్చ్‌కు దొరకదు. కొత్తగా వచ్చినవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు, పాతవాళ్లు విసుక్కుంటారు. ఇదంతా చదివేవాళ్ల సౌకర్యం కోసమేనని చెప్పకండి. పాత పోస్టులు చదివేవాళ్లను మీరు అడగనే లేదు.

మూసే తేదీ ప్రకటించి కూర్చున్న నిర్వాహకులకు మేము చెప్పేది ఒకటే. ఆ తేదీని వెనక్కి తీసుకోండి. ముందు పోస్టులన్నీ ఎవరైనా దించుకునేలా పెట్టండి, పాత లింకులు కొత్త చోటికి తెరుచుకుంటున్నాయో లేదో మీ ఫోన్‌లోనే నొక్కి చూడండి. కొత్త యాప్ రంగుల గురించి ఆ తర్వాత మాట్లాడండి.