సవరణ: ఆ 1976 మిలాన్ సినిమా తీసింది దీ లియో కాదు

1976 నాటి ఇటాలియన్ క్రైమ్ సినిమా ‘లిబెరి, అర్మాటి, పెరికొలోసి’ దర్శకుడు ఫెర్నాండో దీ లియో అని నా పాత పోస్టులో రాశాను. అది తప్పు. దర్శకుడు రోమొలో గ్వెర్రియేరి. దీ లియోది స్క్రీన్‌ప్లే. సినిమా టైటిల్స్‌లోనే ఈ పేర్లు ఉన్నాయి. జోర్జో షెర్బనెంకో కథల ఆధారంగా 1972లో ‘మిలానో కాలిబ్రో 9’ తీసింది దీ లియోనే. ఈ 1976 సినిమా కూడా ఆ రచయిత కథల నుంచే వచ్చింది, ఊరూ మిలానే, అందుకే రెండూ తరచూ కలిసిపోతాయి.

ఇంకొకటి. ఈ సినిమాలో నటుడు తోమస్ మిలియన్ ముఠా నాయకుడని కొందరు అనుకున్నారు. కాదు, పోలీసు కమిషనర్. కరడుగట్టిన నేరస్థుడిగా చేసింది 1974లో ఉంబెర్తో లెంజీ తీసిన ‘మిలానో ఓదియా’లో. ఇక్కడ చంపుతూ పోయేది ముగ్గురు కుర్రాళ్లు. పెట్రోలు బంకు దోపిడీ గురించి లేయా అనే అమ్మాయి పోలీసులకు ముందే చెప్పినా నెత్తురు పారుతుంది. సినిమా మొత్తంలో బలమైన ఘట్టం అదే.