అడిగేవాళ్ళు లేని మాంసం

నెదర్లాండ్స్ సూపర్‌మార్కెట్లలో 2023 చివరికల్లా ఒక పెద్ద మార్పు దాదాపు పూర్తయింది. అక్కడ అమ్మే తాజా కోడిమాంసం నెమ్మదిగా పెరిగే రకాల నుంచి, కాస్త ఎక్కువ చోటిచ్చి పెంచిన కోళ్ళ నుంచి వస్తోంది. జంతు సంక్షేమ సంఘాలు, మామూలు వినియోగదారులు ఏళ్ళ తరబడి పట్టుబట్టడంతో వచ్చిన మార్పు అది. అదే దేశం నుంచి ఎగుమతయ్యే కోడిమాంసానికి మాత్రం ఈ నిబంధన లేదు. పరాయి దేశంలో కొనేవారు ఆ షెడ్డు చూడలేరు, ఆ రైతును ప్రశ్నించలేరు, ఆ ప్రభుత్వానికి ఓటు వేయలేరు. అందుకే వాళ్ళకు వెళ్ళే కోడి ఎలా బతికిందన్నది ఎవరికీ పట్టని విషయంగా మిగిలింది.

దిగుమతి మాంసం బదులు దగ్గర్లో పెంచిన కోడిని ఎంచుకోమని మేం చెబుతున్నది ఈ కారణం వల్లనే. దగ్గరి రైతును నిలదీయొచ్చు, మెచ్చుకోవచ్చు, మారమని అడగొచ్చు. మన చట్టం అతని షెడ్డు దాకా వెళుతుంది. సముద్రం అవతల అది చెల్లదు.

కోడి విషయంలో ఇంత పట్టింపు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచంలో ఏటా మాంసం కోసం చంపే కోళ్ళు 7,000 కోట్లకు పైనే. నేల మీద తిరిగే మరే పెంపుడు జీవినీ మనిషి ఇంత పెద్ద సంఖ్యలో పెంచి చంపడం లేదు. వీటిలో అత్యధికం బ్రాయిలర్లు. వాటి అసలు కష్టం షెడ్డు కన్నా ముందు, వాటి ఒంట్లోనే మొదలవుతుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1957 నాటి రకాన్నీ 2005 నాటి బ్రాయిలర్‌నూ ఒకే దాణా వేసి పెంచి చూశారు. 56 రోజులకు పాత రకం 905 గ్రాములు తూగింది. కొత్తది 4,202 గ్రాములు. నాలుగున్నర రెట్లకు పైగా బరువు, అదే వయసు ఎముకల మీద. గుండె, ఊపిరితిత్తులు, కాళ్ళు ఆ వేగాన్ని అందుకోలేవు. బ్రిటన్‌లో 51,000 కోళ్ళ నడకను గమనించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. సగటున 40 రోజుల వయసుకు 27.6 శాతం కోళ్ళు సరిగా నడవలేకపోయాయని, 3.3 శాతం దాదాపు అడుగే వేయలేని స్థితిలో ఉన్నాయని అది తేల్చింది. నడవలేని కోడి తడిసిన ఊక మీదే కూర్చుండిపోతుంది. రెట్టల నుంచి వచ్చే అమ్మోనియాకు దాని రొమ్ము, పాదాలు పుండ్లు పడతాయి.

ఈ పిల్లలను పుట్టించే తల్లి కోళ్ళ సంగతి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. వాటికీ అదే ఆకలి, అదే పెరిగే గుణం ఉంటాయి. కడుపునిండా మేపితే గుడ్లు పెట్టే వయసు వచ్చేలోపే ఒళ్ళు పెరిగి జబ్బుల పాలవుతాయి. అందుకని పెరిగే వయసంతా వాటిని అర్ధాకలితో ఉంచుతారు. దాణా చల్లిన కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది, ఇక రోజంతా ఖాళీ తొట్టెలను పొడుస్తూ గడుపుతాయి. చవక మాంసం కోసం కోళ్ళు చెల్లిస్తున్న మూల్యంలో ఇదీ ఒకటి.

చోటు సంగతికొస్తే, యూరోపియన్ యూనియన్ 2007లో తెచ్చిన నియమావళి చదరపు మీటరుకు మామూలుగా 33 కిలోల కోళ్ళను, కొన్ని షరతులతో 42 కిలోల దాకా అనుమతించింది. రెండు కిలోల కోళ్ళయితే 21 పడతాయి. అంటే ఒక్కోదానికి ఏ4 కాగితమంత జాగా కూడా ఉండదు. ఇది కఠినమైన చట్టాలున్న ప్రాంతం లెక్క. అసలు నిబంధనలే లేని దేశాలెన్నో. అమెరికాలో పశువులను బాధ లేకుండా చంపాలని 1958లో చేసిన చట్టం కోళ్ళకు వర్తించదు.

అలాగని దగ్గర్లో పెంచిన కోడి అనగానే సంతోషంగా బతికిన కోడి అని ఎవరూ అనుకోకూడదు. ఈ మాట కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ‘లోకల్’ అన్న లేబుల్ చాటున ఎంతో దాచేయొచ్చు. ప్రపంచంలోని బ్రాయిలర్లలో చాలా భాగం రాస్, కాబ్ అనే రెండు వాణిజ్య రకాలవే. పక్క ఊరి షెడ్డులో ఉన్నా, పది వేల కిలోమీటర్ల అవతల ఉన్నా ఆ కోడి అదే, దాని కాళ్ళ నొప్పీ అదే. దూరం తగ్గితే కోడి కష్టం దానంతటది తగ్గదు. కాకపోతే దాన్ని తగ్గించే అవకాశం మన చేతికి వస్తుంది. ఆ అవకాశాన్ని వాడుకోనివాళ్ళు దగ్గరివి కొన్నా, దూరపువి కొన్నా కోడికి ఒరిగేదేమీ లేదు.

దిగుమతి మాంసం ధర కూడా నిజమైన ధర కాదు. సంపన్న దేశాల వినియోగదారులు బ్రెస్ట్ పీస్ ఇష్టపడతారు. కోడిని పెంచిన ఖర్చులో చాలా భాగం అక్కడే రాబట్టుకుంటారు కాబట్టి కాళ్ళు, రెక్కలు ఎంతకు అమ్ముడుపోయినా లాభమే. పశ్చిమ ఆఫ్రికా మార్కెట్లలోకి యూరప్ నుంచి గడ్డకట్టించిన లెగ్ పీసులు వెల్లువెత్తినప్పుడు అక్కడి చిన్న రైతులు ఆ ధరతో పోటీ పడలేక షెడ్లు మూసేసుకున్నారు. ఘనా పార్లమెంటు 2003లో దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 40 శాతానికి పెంచింది కానీ, అంతర్జాతీయ ద్రవ్యనిధి అభ్యంతరం చెప్పడంతో ఆ పెంపు అమలు కాకుండా ఆగిపోయింది. సెనెగల్ 2005లో బర్డ్‌ఫ్లూ కారణంగా దిగుమతులు ఆపి, ఆ నిషేధాన్ని కొనసాగించింది. అక్కడ సొంత కోళ్ళ పరిశ్రమ నిలదొక్కుకుంది. రైతే లేకుండా పోయిన చోట కోడి సంక్షేమం గురించి ఎవరితో మాట్లాడాలి?

సొంత రైతుకు నియమాలు పెట్టి, సరిహద్దు దగ్గర కళ్ళు మూసుకుంటే ఏమవుతుందో పందుల పెంపకంలో బ్రిటన్ చూసింది. కడుపుతో ఉన్న పందులను కదలలేనంత ఇరుకు బోనుల్లో ఉంచడాన్ని అది 1999 నుంచి నిషేధించింది. మంచి నిర్ణయమే. మిగతా యూరప్‌లో ఎక్కువ దేశాలు ఆ బోనులను 2013 దాకా వాడాయి, ఆ మాంసం బ్రిటన్ దుకాణాలకు వచ్చింది. బ్రిటన్ పందుల రైతులను బలపడిన పౌండు, 2001 నాటి గాలికుంటు వ్యాధి కూడా దెబ్బతీసిన మాట నిజమే. కానీ నియమం పాటించిన రైతు నష్టపోయి, పాటించనివాడు అతని మార్కెట్లోకి రావడం అన్యాయం. దానివల్ల పందులకూ మేలు జరగలేదు, వాటిని బంధించిన దేశం మారిందంతే.

అందుకే ప్రభుత్వాలను మేం గట్టిగా అడుగుతున్నాం: సొంత రైతుకు పెట్టిన నిబంధనే దిగుమతి మాంసానికీ పెట్టండి. వాణిజ్య ఒప్పందాలు ఒప్పుకోవన్న సాకు పూర్తిగా నిలవదు. సీల్ అనే సముద్ర జంతువు ఉత్పత్తుల మీద యూరప్ విధించిన నిషేధం వివాదంలో ప్రపంచ వాణిజ్య సంస్థ 2014లో జంతువుల పట్ల ప్రజల పట్టింపు ‘ప్రజా నైతికత’ కిందికే వస్తుందని ఒప్పుకుంది. ఆ నిషేధం నుంచి కొందరికి ఇచ్చిన మినహాయింపుల్లోని వివక్షనే తప్పుబట్టింది. కాలిఫోర్నియా ఓటర్లు 2018లో ఆమోదించిన ప్రతిపాదన ప్రకారం అక్కడ అమ్మే గుడ్లు, పంది మాంసం ఎక్కడి నుంచి వచ్చినా, జంతువులకు ఇంత చోటివ్వాలన్న ఆ రాష్ట్ర నిబంధనలకు లోబడాలి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

కొనేవారి సంగతి. నెమ్మదిగా పెరిగిన కోడి ఖరీదెక్కువ. ఇందులో దాపరికం లేదు. ఎక్కువ రోజుల దాణా, ఎక్కువ చోటు, ఎక్కువ పని. ఫ్రాన్స్‌లో 1960ల నుంచి ఉన్న ‘లేబుల్ రూజ్’ కోడిని కనీసం 81 రోజులు పెంచాలి, ఆరుబయట తిరగనివ్వాలి. మామూలు బ్రాయిలర్ అయిదారు వారాల్లో తెమిలిపోతుంది. ఆ తేడాకు డబ్బు పెట్టగలిగినవాళ్ళు పెట్టాలి, కావాలంటే కొంచెం తక్కువ తినొచ్చు. పెట్టలేని కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆ భారం ప్రభుత్వ కొనుగోళ్ళు, బడులు, ఆసుపత్రులు, హోటళ్ళు మోయాలి. ఒక్క పెద్ద వంటగది మారితే వేల ఇళ్ళు మారినట్టే.

ఎవరు కొన్నా, కోడి ఎలా పెరిగిందో తెలియాలి కదా. యూరప్‌లో 2004 నుంచి గుడ్డు మీద అంకె ముద్రిస్తున్నారు: సేంద్రియమైతే 0, ఆరుబయట తిరిగిన కోడిదైతే 1, షెడ్డులో విడిచి పెంచినదైతే 2, బోనులోదైతే 3. కొనేవారు దాన్ని చూసి ఎంచుకోవడం నేర్చుకున్నారు. కోడిమాంసానికి అలాంటి తప్పనిసరి ముద్ర అక్కడ కూడా లేదు. ఏ రకం కోడి, ఎన్ని రోజులు బతికింది, చదరపు మీటరులో ఎన్నిటితో కలిసి ఉంది, ఎలా చంపారు? ఈ నాలుగూ ప్రతి ప్యాకెట్ మీద కనిపించాలి. దగ్గరి రైతు ప్యాకెట్ మీదా, ఓడలో వచ్చిన ప్యాకెట్ మీదా ఒకే సైజు అక్షరాల్లో.