తెర దానంతటదే మారాలా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు. వానాకాలం వడ్లు దిగుతున్న రోజులు. కాంటా లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. లెక్కలు చూసే అన్న, ప్రోగ్రాములు రాసే చెల్లె ఇద్దరూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) నడుపుతారు. ఫలితం దానంతటదే రిఫ్రెష్ కావాలా, అడిగితేనే కావాలా అన్నది పేచీ.

చెల్లె: అన్నా, గేటు బయట ట్రాక్టర్లు రోడ్డుదాకా బారులు తీరినయ్. నువ్వేమో అదే క్వెరీని మాటిమాటికీ నడుపుతున్నవు. టైమర్ పెడితే 5 సెకన్లకోసారి ఎడిటరే నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రాంలో వాచ్ అని కొడితే 2 సెకన్లకోసారి అదే క్వెరీ తిరుగుతుంది కదా.

అన్న: అక్కడ ఊరికే చూస్తం చెల్లె. ఇక్కడ చీటీ పట్టుకుని సరిచూస్త. లోడు బరువు, ఖాళీ బండి బరువు, తేమ వరసగా వేలు పెట్టి చదువుతుంటే వరసలు జరిగినయనుకో, ఒక రైతు తేమ ఇంకో రైతు బరువు పక్కన పడుతుంది. తేమ 17 శాతం దాటిందా లేదా అన్నదాని మీదే ధర మాట్లాడతం. నష్టపోయేది రైతు.

చెల్లె: వరసలు జరిగితే తప్పు క్వెరీది. క్వెరీలో వరస చెప్పే ఆర్డర్ బై రాయకపోతే ఏది ముందు వస్తుందో పోస్ట్‌గ్రెస్ హామీ ఇవ్వదు. టోకెన్ నంబరు మీద వరస పెట్టు.

అన్న: సరే, వరస నిలిచింది. అంకె నిలుస్తుందా? మామూలుగా పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి క్వెరీ, అది మొదలయ్యే క్షణానికి కమిట్ అయినవాటినే, అంటే పక్కాగా సేవ్ అయినవాటినే చూస్తుంది. ఎడిటర్‌లో పక్కపక్కనే రెండు బఫర్లు (తెరిచిన పేజీలు), ఒకదాంట్లో బండ్ల లిస్టు, ఇంకోదాంట్లో మొత్తం. వేర్వేరు క్షణాల్లో రిఫ్రెష్ అయితే రెండూ కలవవు. లేని తేడా కోసం నేను రాత్రిదాకా వెతకాలె.

(ఈ మాటకు చెల్లె దగ్గర జవాబు లేదు. అన్న వాదంలో అన్నిటికంటే గట్టిది ఇదే.)

చెల్లె: మరి పాత అంకె మంచిదా? గంట కిందటి ఫలితం కూడా కొత్తదానిలాగే కనిపిస్తుంది. అది చూసి "నీ బండి ఇంకా తూకం కాలేదు" అని రైతును ఎండలో నిలబెడితే?

అన్న: నిలబెట్టొద్దు. అది నిజమే. కానీ టైమర్ నడిచినప్పుడల్లా డేటాబేస్ జవాబు కోసం ఎడిటర్ ఆగితే నా టైపింగ్ కూడా ఆగుతుంది.

చెల్లె: టైమర్ వద్దులే. పోస్ట్‌గ్రెస్‌లో లిజన్, నోటిఫై అనే కమాండ్లు ఉన్నయ్. కాంటా ఎంట్రీ కమిట్ కాగానే డేటాబేసే కబురు పంపుతుంది. పీఎస్‌క్యూఎల్ అయితే ఇంకో కమాండ్ ఇచ్చేదాకా ఆ కబురు చూపించదు, అందుకని పక్కన ఒక చిన్న ప్రోగ్రాం నడిపిస్త.

అన్న: కబురు రానీ, తెర మార్చకు. కింద "కొత్త ఎంట్రీలు వచ్చినయ్" అని చూపించు. చేతిలో చీటీ అయిపోయాక నేనే 'జి' కీ నొక్కి కొత్త ఫలితం తెచ్చుకుంట.

చెల్లె: నువ్వు సరిచూసే పేమెంట్ లిస్టుకైతే ఒప్పుకుంట. గేటు దగ్గరి తెరకు ఒప్పుకోను. అక్కడ ఎవరూ కూడికలు చేయరు, బండి నంబరు పడిందా లేదా అని చూస్తరంతే. అది దానంతటదే మారాలె.

అన్న: మార్చు. రెండిటి మీదా క్వెరీ ఎన్నింటికి నడిచిందో సెకన్లతో సహా రాయించు. నెట్ పోయి రిఫ్రెష్ ఆగితే ఆ టైమ్ ఎర్రగా కనిపించాలె.

చెల్లె: గేటుది ఇప్పుడే మొదలుపెడత. పేమెంట్ లిస్టు రాత్రి కాంటా ఆగినంక.