సోంపేట బీల బీడు భూమి కాదు

"పనికిరాని చిత్తడి కోసం కొట్లాడి శ్రీకాకుళం జిల్లా సోంపేటవాళ్లు వేల కోట్ల థర్మల్ ప్లాంటును తరిమేశారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లో వాచ్‌మన్లు." ఎక్కడ భూసేకరణ గొడవ మొదలైనా ఈ ముక్క వాట్సాప్‌లో లేచి కూర్చుంటుంది. 2025లో నెల్లూరు జిల్లా కరేడు రైతులు హైవే మీదికి వచ్చినప్పుడూ ఇదే పాట. ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు ఆ "పనికిరాని" సంగతి. 2008లో ప్రభుత్వం జీవో 1107తో ప్లాంటు కట్టే కంపెనీకి ఇచ్చిన సుమారు 970 ఎకరాలు బీల అనే చిత్తడి నేలలోవి. కొండల మీంచి దిగే వాన నీరు సముద్రంలో కలిసే ముందు అక్కడ ఆగుతుంది. ఆ నీటితోనే చుట్టూ తంపర (పల్లపు) భూముల్లో వరి పండుతుంది. చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, తుంగ కోసుకునేవాళ్లు, అందరికీ ఆ బీలే ఆధారం. వీళ్లలో చాలామందికి పట్టా లేదు. ప్రభుత్వ భూమి అని రాసి ఉన్నచోట బతికేవాడిని ఎవరూ అడగరు, నష్టపరిహారం జాబితాలోనూ వాడు ఉండడు. కాగితం మీద ఖాళీ, నేల మీద కిటకిట. అసలు పేచీ అంతా ఇక్కడే.

ఇది ఆందోళనకారుల వాదన మాత్రమే అనుకునేవాళ్లకు ఒక తేదీ చెప్పాలి: 2010 జులై 14. ఆ రోజు బీల దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేసిందీ ఆ రోజుల్లోనే. బీడని చూపించిన చోట చిత్తడి నేల ఉందన్న జనం మాటే అక్కడ నెగ్గింది. ప్లాంటును తరిమింది అల్లరి మూక అంటున్నవాళ్లు ఈ తీర్పు ఊసే ఎత్తరు.

"బయటివాళ్లు రెచ్చగొట్టారు." రిలే నిరాహార దీక్షల శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. బయటివాడు రెచ్చగొడితే జనం ఒక రోజు వస్తారు, రెండు రోజులు వస్తారు. ఇంతకీ బయటి నుంచి గట్టిగా మాట్లాడినవారిలో ఈ.ఎ.ఎస్. శర్మ ఒకరు. ఆయన కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసినవారు. కరెంటు అవసరం తెలియనివాడని ఆయన్ను అనగలరా?

"ఉద్యోగాలు పోయాయి, వలసలు పెరిగాయి." సిక్కోలు జనం రంగం (బర్మాలోని రంగూన్) ఓడ ఎక్కింది బ్రిటిషువాళ్ల కాలంలో. అప్పటికి ఏ ప్లాంటును ఎవరు అడ్డుకున్నారు? బొగ్గు ప్లాంటు కట్టేటప్పుడు కూలీలు కావాలి, నడిచేటప్పుడు చదువుకున్న టెక్నీషియన్లు కావాలి. వల వేసేవాడికి ఆ గేటు లోపల దొరికేది మహా అయితే ఆ వాచ్‌మన్ కొలువే.

"2013 భూసేకరణ చట్టం వచ్చాక అంతా న్యాయంగానే జరుగుతోంది" అనేది కొత్తగా చేరిన తోక. ఆ చట్టం మంచిదే: ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాల సమ్మతి కావాలి, సామాజిక ప్రభావ అంచనా జరగాలి. కానీ ప్రభుత్వం తన సొంత అవసరమని సేకరిస్తే ఆ సమ్మతి నిబంధన వర్తించదు. 2018లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటివాటికి ప్రభావ అంచనా నుంచి కూడా మినహాయింపు ఇచ్చే వీలు కలిగింది. ఇక సర్కారు తన భూమినే జీవోతో కేటాయిస్తే అది సేకరణే కాదు. అంటే బీల లాంటి చోటు ఈ చట్టం గడప దాకా కూడా రాదు.

ఆఖరిగా, "రైతులు రేటు పెంచుకోవడానికే గొడవ చేస్తారు" అనేది. బెంగళూరు పక్కన దేవనహళ్లిలో ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాల సేకరణ మీద రైతులు 2022 నుంచి మూడేళ్లకు పైగా కూర్చున్నారు. 2025 జులైలో కర్ణాటక ప్రభుత్వం సేకరణ విరమించుకుంది, ఇష్టపడి ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకుంటామంది. రేటు కోసమే అయితే ఎయిర్‌పోర్టు పక్క భూమికి బేరగాళ్లు కరువా? ఆ వార్త వచ్చీ రాగానే మన మంత్రి లోకేశ్ ఆ పరిశ్రమను ఇటు రమ్మని పిలిచారు, 8,000 ఎకరాలకు పైగా సిద్ధంగా ఉందని. ఆ ఎకరాల్లో ఇప్పుడు ఎవరు ఏం పండిస్తున్నారో, ఎవరి మేకలు మేస్తున్నాయో ఆ పిలుపులో లేదు.