జాగ్వార్‌కు టాటాలు బాకీపడ్డ కారు

2024 నవంబర్‌లో జాగ్వార్ కంపెనీ అర నిమిషం నిడివి ఉన్న ప్రకటన ఒకటి విడుదల చేసింది. రంగురంగుల బట్టల్లో మోడళ్లు నడిచారు, తెర మీద నినాదాలు వచ్చిపోయాయి, కంపెనీ పేరు కొత్త అక్షరాల్లో మెరిసింది. కారు ఎక్కడా కనిపించలేదు. అదే నెలలో బ్రిటన్ షోరూముల్లో కొత్త జాగ్వార్ల అమ్మకం కూడా ఆపేశారు. ఆ ప్రకటన మీద ప్రపంచమంతా కొట్లాడుకుంది. మోడళ్ల వేషాలను కొందరు తిట్టారు, లోగోను కొందరు వెక్కిరించారు, మధ్యలో రాజకీయాలు దూరాయి. ఈ గొడవలో అసలు ప్రశ్న పక్కకు పోయింది. దాదాపు తొంభై ఏళ్లుగా కార్ల మీద ఉన్న పేరు ఇవాళ కారు లేకుండా మిగలడానికి బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న మన దేశంలోనే గట్టిగా అడగాలి. జాగ్వార్ యజమాని ముంబైలో ఉన్న టాటాల కార్ల కంపెనీ మరి.

2008 జూన్‌లో టాటాలు జాగ్వార్‌నూ ల్యాండ్ రోవర్‌నూ ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు దేశమంతా పొంగిపోయింది. మనల్ని ఏలినవాళ్ల కార్ల కంపెనీలు మన చేతికొచ్చాయని సంబరపడ్డాం. ఆ సంబరంలో తప్పేమీ లేదు. అయితే ఆ సంతకంతో టాటాలకు ఫ్యాక్టరీలూ అప్పులూ మాత్రమే రాలేదు, ఒక ఊరి పనివాళ్లు తరతరాలుగా కట్టిన పేరు కూడా వచ్చింది.

ఆ పేరు ఎలా వచ్చిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1922లో విలియం లయన్స్ అనే కుర్రాడు బ్లాక్‌పూల్ పట్టణంలో స్నేహితుడితో కలిసి మోటార్ సైకిళ్లకు సైడ్‌కార్లు చేసే వ్యాపారం పెట్టాడు. తర్వాత కోవెంట్రీకి మకాం మార్చి కార్లలోకి దిగాడు. 1935లో తన కారుకు జాగ్వార్ అని పేరు పెట్టాడు. ఆయన ఇంజినీరు కాదు, బొమ్మలు గీసే మనిషీ కాదు. రేకు పనివాళ్లతో అసలు సైజు నమూనా చేయించి, దాని చుట్టూ తిరుగుతూ, ఇక్కడ తగ్గించండి, అక్కడ వంపు పెంచండి అంటూ కారుకు రూపం తెప్పించేవాడు. యుద్ధకాలంలో, కోవెంట్రీ మీద జర్మన్ బాంబులు పడే రోజుల్లో, రాత్రిళ్లు ఫ్యాక్టరీకి కాపలా కాస్తూ ఆయన ఇంజినీర్లు ఒక కొత్త ఇంజిన్ గురించి మాట్లాడుకున్నారు. 1948లో బయటికొచ్చిన ఆ ఎక్స్‌కే ఇంజిన్ 1992 దాకా తయారైంది. 1951 నుంచి 1957 మధ్య ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసును జాగ్వార్ ఐదుసార్లు గెలిచింది దానితోనే. 1961 నాటి ఈ-టైప్‌లో ఉన్నదీ అదే. అంత అందమైన, అంత వేగమైన కారు ధర అప్పటి ఇటలీ స్పోర్ట్స్ కార్ల ధరలో సగం కూడా ఉండేది కాదు. ఈ ధర సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

లయన్స్‌కు వారసుడు లేకపోయాడు. ఒక్కగానొక్క కొడుకు 1955లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. 1966లో కంపెనీని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌తో కలిపేశారు. రెండేళ్లకు అది బ్రిటిష్ లేలాండ్‌లో కలిసింది, 1975లో అదంతా ప్రభుత్వం చేతికి వెళ్లింది. లేలాండ్ పెద్దలకు జాగ్వార్ అనేది తమ జాబితాలో ఒక మోడల్ మాత్రమే. తమ కారులో ఎక్కడ లేలాండ్‌కే చెందిన రోవర్ వీ8 ఇంజిన్ పెట్టమంటారోనన్న భయంతో జాగ్వార్ ఇంజినీర్లు కొత్త ఎక్స్‌జే కారు బానెట్ కింద జాగాను కావాలనే ఇరుకుగా గీశారని చెబుతారు. వీ ఆకారపు ఇంజిన్ అందులో పట్టకూడదు, అంతే. యజమాని నుంచి బ్రాండ్‌ను కాపాడుకోవడానికి ఉద్యోగులు ఇంజిన్ గదిని అడ్డం పెట్టాల్సి వచ్చిందంటే ఆ సంస్థలో నమ్మకం ఏ స్థాయికి పడిపోయిందో ఊహించుకోవచ్చు. దానికి తర్వాత వాళ్లే మూల్యం చెల్లించారు. సొంత వీ12 ఇంజిన్‌ను ఆ కారులో పెట్టాలనుకున్నప్పుడు అదే ఇరుకు అడ్డొచ్చి, ముందు భాగాన్ని మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది.

1984లో జాగ్వార్ మళ్లీ ప్రైవేటు పరమైంది, 1989లో ఫోర్డ్ కొన్నది. ఫోర్డ్‌ను ఊరికే తిట్టడం న్యాయం కాదు. ఫ్యాక్టరీల్లో పాతబడ్డ యంత్రాలను మార్చింది, నాణ్యత పెంచింది, డబ్బు కుమ్మరించింది. కానీ ఏడాదికి లక్ష కార్లు అమ్మాలన్న ఆశతో 2001లో ఎక్స్-టైప్‌ను తెచ్చింది. దాని కింద ఉన్నది ఫోర్డ్ మోండియో అనే మామూలు కారు ఆధారంగా తయారైన చట్రం. లక్ష అన్నది ఏ ఏడాదీ దరిదాపులకు రాలేదు. 2005లో కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్‌లో కార్ల తయారీ ఆగింది. లె మాన్స్ గెలిచిన కార్లకు పుట్టిల్లు అది.

ఎక్స్-టైప్ ఎందుకు దెబ్బతిన్నదో చాలామంది తప్పుగా చెబుతారు. భాగాలు పంచుకోవడమే పాపమైతే ఇవాళ రోడ్డు మీద ఒక్క బ్రాండ్ కూడా మిగలదు. కొత్త ప్లాట్‌ఫామ్, అంటే కారు కింది చట్రమూ దానికి జోడించే ప్రధాన భాగాలూ, తయారుచేయడానికి వందల కోట్ల డాలర్లవుతాయి. ఆ ఖర్చు ఒక్క బ్రాండ్ భరించలేదు కాబట్టే పెద్ద కంపెనీలన్నీ పంచుకుంటాయి. పంచుకుంటూనే బాగుపడిన బ్రాండ్ ఎలా ఉంటుందో చూడటానికి మనం పెనుకొండ దాకా వెళ్తే చాలు.

కియా 1997లో దివాలా తీసింది. మరుసటి ఏడాది వేలం పెడితే ఫోర్డ్ కూడా పోటీకొచ్చింది, చివరికి హ్యుందాయ్‌కి దక్కింది. కొన్నేళ్ల పాటు కియా అంటే చవక కారనే పేరే ఉండేది. 2006లో హ్యుందాయ్ యాజమాన్యం పీటర్ ష్రేయర్‌ను జర్మనీ నుంచి తెచ్చి కియా డిజైన్ మొత్తం ఆయన చేతిలో పెట్టింది. ఆడి టీటీకి రూపమిచ్చినవారిలో ఆయన ఒకరు. దూరం నుంచి చూసినా కియా అని తెలియాలన్నది ఆయన పట్టు. 'పులి ముక్కు' అని పిలిచే ముందు గ్రిల్ అలా పుట్టింది. తర్వాత ఆయన్ను కంపెనీ ప్రెసిడెంట్లలో ఒకరిగా చేశారు. కొరియా కంపెనీలో ఒక జర్మన్‌కు, అదీ డిజైనర్‌కు, అంత పెద్ద కుర్చీ ఇవ్వడం చిన్న నిర్ణయం కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాక పెనుకొండ దగ్గర 536 ఎకరాల్లో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ లేచింది, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. చెన్నై దగ్గర తయారయ్యే హ్యుందాయ్ క్రెటాకూ దీనికీ ఇంజిన్లు, గేర్‌బాక్సులు, కింది భాగాలు చాలావరకు ఉమ్మడివే. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా క్రెటానా సెల్టోసా అని గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదన నడుస్తున్నంత కాలం రెండూ వేర్వేరు బ్రాండ్లే. కంటికి కనిపించేదీ చేతికి తగిలేదీ కియా మనుషులు నిర్ణయించారు, కనిపించని వాటికి అయ్యే ఖర్చును హ్యుందాయ్‌తో కలిసి భరించారు. మోండియో చట్రం మీద ఎక్స్-టైప్ చేసినప్పుడు ఫోర్డ్ ఈ గీత సరిగ్గా గీసుకోలేదు. రూపం పాత ఎక్స్‌జే నీడలోనే ఉండిపోయింది, కూర్చుని నడిపితే ఖరీదైన మోండియోలా అనిపిస్తోందని కొన్నవాళ్లే అన్నారు.

వోల్వో సంగతి ఇంకా స్పష్టం. 1999లో ఫోర్డ్ కొని, 2010లో చైనాకు చెందిన జీలీకి అమ్మేసింది. స్వీడన్‌లో అప్పుడు భయపడని మనిషి లేడు. జీలీ అధిపతి లీ షూఫూ గోథెన్‌బర్గ్‌లోని వోల్వో ప్రధాన ఆఫీసును కదిలించలేదు. ఫోర్డ్ భాగాల మీద ఆధారపడకుండా సొంత ప్లాట్‌ఫామ్, సొంత ఇంజిన్లు చేసుకోవడానికి డబ్బిచ్చి ఆగాడు. నాలుగేళ్లు ఆగాక 2014లో కొత్త ఎక్స్‌సీ90 వచ్చింది. 2009లో మూడు లక్షల 35 వేల దగ్గర ఉన్న వోల్వో అమ్మకాలు 2019లో ఏడు లక్షలు దాటాయి. మూడు బిందువుల సీటు బెల్టును 1959లో ప్రపంచానికి ఇచ్చిన కంపెనీ చైనా యజమాని కింద కూడా భద్రత గురించే మాట్లాడుతోంది. స్వీడన్‌కే చెందిన సాబ్‌కు ఆ అదృష్టం లేదు. జనరల్ మోటార్స్ సుబారు ఇంప్రెజాకు, షెవ్రోలే ఎస్‌యూవీకి సాబ్ బ్యాడ్జీలు తగిలించి అమెరికాలో అమ్మింది. 2011 చివరికి సాబ్ దివాలా తీసింది.

పేరు కొని పక్కన పెట్టడం మన దగ్గరా జరిగింది. 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ అంబాసిడర్ పేరును 80 కోట్లకు కొన్నది, ఆ పేరుతో ఇప్పటిదాకా కొత్త కారు రాలేదు. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు తయారైన ఫ్యాక్టరీ మహీంద్రాల చేతికి వెళ్లింది. పని ఆగనందుకు సంతోషించాల్సిందే. ఆల్విన్ పేరు మాత్రం హైదరాబాద్‌లో ఒక కాలనీకి, మియాపూర్‌లో ఒక చౌరస్తాకు మిగిలింది.

ఇక టాటాల దగ్గరికి వద్దాం. వాళ్లు లేలాండ్‌లా ప్రవర్తించలేదు, ఫోర్డ్ చేసిన తప్పూ చేయలేదు. కొన్న మూడు నెలలకే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది, 2008-09లో టాటా మోటార్స్ 2,500 కోట్ల రూపాయలు నష్టపోయింది. రతన్ టాటా అప్పుడు జాగ్వార్‌ను వదిలించుకోలేదు. ఇండికా భాగాలు అందులో పెట్టలేదు. 2013లో ఎఫ్-టైప్ వచ్చింది. ఈ-టైప్ ఆగిపోయాక దాదాపు నలభై ఏళ్లకు జాగ్వార్ చేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. 2014లో వుల్వర్‌హాంప్టన్‌లో సొంత ఇంజిన్ల ఫ్యాక్టరీ తెరిచారు. ఎక్స్-టైప్ స్థానంలో వచ్చిన ఎక్స్‌ఈకి అల్యూమినియంతో సొంత చట్రం చేయించారు. 2018లో వచ్చిన ఐ-పేస్ విద్యుత్ కారు మరుసటి ఏడాది ప్రపంచ ఉత్తమ కారు అవార్డు గెలిచింది. లాభపడింది టాటాలే అనాలి: హారియర్ చట్రానికి మూలం ల్యాండ్ రోవర్ దగ్గరి నుంచే వచ్చింది. ఒక భారతీయ యజమాని బ్రిటిష్ బ్రాండ్‌కు ఇంత స్వేచ్ఛ ఇచ్చినందుకు మేం ఇప్పటికీ గర్వపడుతున్నాం.

లోపం ఇంకోచోట జరిగింది. ఒకే ఇంట్లో ల్యాండ్ రోవర్ లాభాలు తెస్తుంటే జాగ్వార్ ఖర్చు తెస్తోంది. 2018లో జాగ్వార్ అమ్మకాలు లక్షా 80 వేల దాకా వెళ్లాయి, అదే దాని శిఖరం. డీజిల్ కార్ల మీద జనానికి నమ్మకం పోయింది, చైనాలో గిరాకీ తగ్గింది, బ్రెగ్జిట్ గందరగోళం తోడైంది. 2019 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ ఒక్క త్రైమాసికంలో 26,961 కోట్ల నష్టం చూపించింది. దేశ కార్పొరేట్ చరిత్రలో అప్పటికి అదే అతి పెద్దది. ఆ తర్వాత డబ్బు ఎటు వెళ్లాలన్న ప్రతి లెక్కలోనూ ల్యాండ్ రోవర్ వాళ్ల రేంజ్ రోవర్, డిఫెండర్ ముందుంటూ వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో, 2025 నుంచి జాగ్వార్ పూర్తిగా విద్యుత్ కార్ల కంపెనీ అవుతుందని ప్రకటించారు. చాలావరకు సిద్ధమైన విద్యుత్ ఎక్స్‌జేని అదే రోజు రద్దు చేశారు. 2024 మధ్యలో క్యాజిల్ బ్రామ్‌విచ్‌లో ఎఫ్-టైప్, ఎక్స్‌ఈ, ఎక్స్ఎఫ్‌ల తయారీ ఆగింది. పాత కార్లు ఆపే తేదీ నిక్కచ్చిగా అమలైంది, కొత్త కారు తేదీ జరుగుతూ పోయింది. 2020 నుంచి 2025 మధ్య సీఈవో కుర్చీలో నలుగురు కూర్చున్నారు. ఒక కారు మొదలుపెట్టి బయటికి తేవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మొదలుపెట్టినవాడు పూర్తయ్యేదాకా ఉండని చోట ఎవరి మాట మీద కారు రూపుదిద్దుకోవాలి?

కొత్త జాగ్వార్ ధర లక్ష పౌండ్లు దాటుతుందని కంపెనీ ముందే చెప్పింది. పాత కొనుగోలుదార్లలో ఎక్కువమంది తమతో రారన్న అంచనాతోనే ముందుకెళ్తోంది. తక్కువ అమ్మి ఎక్కువ లాభం తీయాలన్నది లెక్క. ఆ లెక్క రేంజ్ రోవర్‌కు కుదిరింది, అక్కడి నుంచే ఇక్కడికి తెచ్చారు. అందమైన, వేగమైన కారును తక్కువ ధరకు ఇచ్చి జాగ్వార్‌ను లయన్స్ నిలబెట్టిన తీరు ఇందుకు సరిగ్గా తలకిందులు. జాగ్వార్ దేనికీ నకలు కాకూడదన్న ఆయన మాటనే ప్రకటనకు నినాదంగా వాడుకుని, ఇంట్లోని అక్క వ్యాపార పద్ధతిని నకలు చేయడం మాకు మింగుడు పడటం లేదు.

రతన్ టాటా 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆ ప్రకటన ఆ తర్వాతి నెలలో వచ్చింది. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను ఇప్పుడు నడుపుతున్న పి.బి. బాలాజీ టాటా మోటార్స్ ఆర్థిక విభాగం నుంచి వెళ్లినవారు. లెక్కల మనిషి కాబట్టి ఆయనకు బ్రాండ్ పట్టదని మేం అనం. ఆయన ముందు, టాటా బోర్డు ముందు మూడు కోరికలు పెడుతున్నాం. హ్యుందాయ్ కియాకు ఇచ్చినట్టు జాగ్వార్‌కు సొంత బడ్జెట్ ఇవ్వాలి, దాని మీద అధికారం రేంజ్ రోవర్ లాభనష్టాలతో సంబంధం లేని ఒక్క మనిషికి అప్పగించి, కనీసం రెండు మోడళ్లు వచ్చేదాకా కదపకూడదు. కొత్త కారు మొదటి రెండు మూడేళ్ల అమ్మకాలు చూసి ఈ బ్రాండ్‌ను అమ్మబోమని, మూయబోమని బోర్డు ఇప్పుడే రాసివ్వాలి. హైదరాబాద్ నుంచి కోవెంట్రీ దాకా ఇప్పటికే జాగ్వార్ కొన్నవాళ్లకు స్పేర్ పార్టులు, సర్వీసు ఎన్నేళ్లు ఇస్తారో తేదీతో సహా ప్రకటించాలి. తమతో రారని కంపెనీ తేల్చేసిన కొనుగోలుదార్లు వాళ్లే. షోరూములు ఖాళీగా ఉన్న రోజుల్లోనూ రోడ్డు మీద ఆ పేరును తిప్పుతున్నది వాళ్లే.