సరుకు పేరు సరిగ్గా రాసినవాడిని దొంగ అనకండి

పండగల సీజన్ దగ్గర పడితే చాలు, మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంట్ల) ఆఫీసుల్లో టెన్షన్ మొదలవుతుంది. విశాఖ పోర్టులో దిగే పెట్టెల్లో ప్లాస్టిక్ తోరణాలు, పూలదండలు, క్రిస్మస్ నక్షత్రాలు ఉంటాయి. తెప్పించుకునేది ఎక్కువగా పూర్ణా మార్కెట్ లాంటి చోట్ల చిన్న వ్యాపారులు. టారిఫ్ కోడ్ (ఏ సరుకుకి ఎంత సుంకమో తేల్చే నంబరు) దగ్గర తేడా వచ్చిందంటే వాళ్లని దొంగల్లా చూస్తున్నారు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

ఒక్క ప్లాస్టిక్ బంతిపువ్వు తీసుకోండి. రేకలు, తొడిమ, ఆకు విడివిడిగా చేసి ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటే అది కృత్రిమ పువ్వు, 6702. అదే పువ్వుని ఒకే అచ్చులో పోసి తీస్తే టారిఫ్ పట్టికలో 67వ చాప్టర్‌లోని మూడో నోట్ దాన్ని బయటికి పంపిస్తుంది, అలంకరణ వస్తువుగా 3926 40 కిందికి వెళ్తుంది. అంటే తొడిమ లాగి చూస్తే గానీ కోడ్ తేలదు! పండగ సామాను అని తేలితే 9505. అందులో సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతానికి పెంచారు. బల్బుల దండ అయితే 9405. ఇక శాంతాక్లాజ్ బొమ్మ చెట్టుకి వేలాడదీసేదా, పిల్లలు ఆడుకునేదా? ఆటబొమ్మ అంటే 9503. దాని మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం అయింది, 2023లో 70కి చేరింది. పైగా 2021 జనవరి నుంచి బీఐఎస్ నాణ్యతా మార్కు తప్పనిసరి.

ఆటబొమ్మల్ని అలంకరణ పేరుతో దించేవాళ్లు ఉన్నారు. వాళ్లని పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు.

కానీ 2011 నుంచి కోడ్ ఎంచుకునే భారం దిగుమతిదారుడి మీదే పెట్టారు. 2020లో ఫేస్‌లెస్ పద్ధతి వచ్చాక, ఇక్కడ వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి పత్రాన్ని) వేరే ఊళ్లో కూర్చున్న అధికారి చూడొచ్చు. ఆయన ముందు ఫొటో ఉంటుంది, పువ్వు ఉండదు. ప్రశ్న వస్తుంది, జవాబు వెళ్తుంది, ఇంకో ప్రశ్న వస్తుంది. ఈలోగా పెట్టె యార్డులోనే ఉంటుంది, డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) పెరుగుతూనే ఉంటుంది. మాకు తెలిసిన ఒక వ్యాపారి వర్ణన పూర్తిగా రాశాడు, కేటలాగ్ కూడా జతచేశాడు. అయినా ఉద్దేశపూర్వకంగా తప్పు చెప్పాడంటూ నోటీసు వచ్చింది. ఆ ఒక్క మాటతో, తక్కువ కట్టిన సుంకం అడగడానికి ఉన్న రెండేళ్ల గడువు ఐదేళ్లవుతుంది, సుంకంతో సమానంగా పెనాల్టీ పడే దారి తెరుచుకుంటుంది. అతనికి రాత్రుళ్లు నిద్ర పట్టలేదు.

సరుకు వర్ణన సరిగ్గా ఉన్నప్పుడు, వర్తించని సుంకం మినహాయింపు అడిగినా అది తప్పుడు ప్రకటన కాదని నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. కోడ్ విషయంలో మాత్రం ఆ న్యాయం ఎందుకు ఉండకూడదు? తేడా సుంకం, వడ్డీ కట్టించుకోండి, అక్కడితో ఆపండి.

సరుకు తెప్పించుకోకముందే కోడ్ ఏదో తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్ తీసుకోవచ్చు కదా అంటారు. ఆ అథారిటీలు ఢిల్లీ, ముంబైలలో ఉన్నాయి, తీర్పుకి చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు. ఏటా డిజైన్లు మారే సరుకుకి అప్పటికి పండగే అయిపోతుంది. సీజన్‌కి ముందే ఫొటోలతో, ఏ వస్తువు ఏ కోడ్ కిందికి వస్తుందో కస్టమ్స్ వాళ్లు ఒక జాబితా బయట పెడితే సగం గొడవలు పుట్టవు.

అప్పటిదాకా, తెప్పించుకునే అన్నలూ, ఆర్డర్ పెట్టేముందే ఒక పీస్ విడదీసి చూపించే వీడియో సప్లయర్‌ని అడగండి. ఒకే అచ్చా, అతికించిందా అన్నది ఇన్‌వాయిస్‌లోనే రాయించుకోండి.